పడవ అనే ఊళ్ళో పగడం

ఉంగరంలో పొదిగి కుజుణ్ణి శాంతింపజేసే
ఎర్రరాయి కాదు నేను చెప్పేది.
ఇది ప్రాణమున్న పగడం. నోరున్నది.
ఒకటి కాదు, వేల నోళ్ళున్నది.
పగలంతా ఎండ తిని, చీకటి పడ్డాక
ఒక్కో నోరూ తెరుచుకుని
ఏదైనా తగులుతుందేమోనని నీళ్ళలోకి వేళ్ళు చాచేది.

సులవేసి ఆగ్నేయపు కొసన
సముద్రంలో పాతిన గుంజల మీద జత్మిన్ ఇల్లు.
గుంజల మొదట్లో పేర్చిన రాళ్ళూ చచ్చిన పగడమే.
కొయ్య చెక్కిన కళ్ళద్దాలు తాతవి, గాజు మాత్రం కొత్తది.
ఐదు బారల లోతున ఆ కొమ్మను చూశాడు:
మొదలు నాచుపచ్చ, పైకి పోనుపోను వంగపండు ఛాయ,
కొనల్లో మాత్రం, ఏం చెప్పను,
గ్యాస్ పొయ్యి సిమ్‌లో పెట్టినప్పటి నీలం.
పుట్టి బుద్ధెరిగి అలాంటిది చూడలేదు.
ఉలితో బొటనవేలంత విరిచాడు.
విరుస్తూ ఏదో గొణిగాడు గానీ
నీళ్ళలో మాట బుడగలైపోయింది.
కొన్నవాడిచ్చింది మూడు రోజుల బియ్యానికి సరి.

తర్వాత ప్లాస్టిక్ సంచి, ఇన్ని నీళ్ళు, ఇంత ఆక్సిజన్,
కాగితాల మీద ముద్రలు, మూడు విమానాలు,
ఒక నంబరు.

పోలండులో వూచ్ అని ఒక ఊరు.
ఆ మాటకు పడవ అని అర్థం.
పడవ తిరిగే నీరు మాత్రం కంటికి కనబడదు,
ఉన్న ఏరుల్ని ఎప్పుడో గొట్టాల్లో వేసి పూడ్చేశారు.
అక్కడ మూడో అంతస్తులో బోగ్నా,
ముప్పై ఒక్కేళ్ళు మిల్లులో నూలుకు రంగులద్దిన మనిషి.
గోళ్ళ మొదళ్ళలో ఇంకా నీలిమందు ఉందంటుంది.
నాకైతే కనబడలేదు.
"ఈ కొన రంగు నా తొట్లలో ఎన్నడూ పడలేదు" అంది,
"పడినా ఆరేలోపు పోయేది."
పింఛనులో సగం కరెంటుకు, ఉప్పుకు.
కూరలో వేసే ఉప్పు కాదు, కొలిచి కలిపితే సముద్రమయ్యేది.
రాత్రి పది దాటాక అద్దాల పెట్టె మీద ఒక చిన్న దీపం.
అది చంద్రుడట. దానికి తిథులు కూడా పెట్టింది.
అమావాస్య నాడు నిజంగానే ఆర్పేస్తుంది.

జనవరిలో ఒక రాత్రి కరెంటు పోయింది.
బయట మైనస్ పధ్నాలుగు.
ఉన్న దుప్పట్లన్నీ పెట్టెకు కప్పి
తను కోటు వేసుకుని కూర్చుంది.
పై అంతస్తు కుర్రాడు ఇగ్నాట్సీ గ్యాస్ మీద నీళ్ళు కాచి
సీసాల్లో పోసి తెచ్చాడు. మెట్ల మీద ఒకటి పగిలింది.
నీరు కదలకపోతే ఊపిరాడదని
పులుసు గరిటెతో తెల్లవార్లూ కలిపింది.
కుడిచెయ్యి, ఎడమచెయ్యి, మళ్ళీ కుడిచెయ్యి.
సముద్రానికి జీతమివ్వాలంటే ఎంతవుతుందో
ఆ రాత్రి లెక్క కట్టిందట.
ఐదున్నరకు ఫ్రిజ్ గుర్రుమంది.
కుర్రాడు చప్పట్లు కొట్టాడు.
ఆమె గరిటె కడిగి బోర్లించింది.

అదే ఏడు, అక్కడ, నీళ్ళు వేడెక్కాయి.
మునగ్గానే జత్మిన్ ఒంటికి తెలిసిపోయింది,
బాలింతకు కాచిన నీళ్ళలా ఉన్నాయి.
తల్లిపగడంలో కాపురమున్న నాచు
సామాను సర్దుకోకుండానే వెళ్ళిపోయింది.
కొమ్మ కొమ్మంతా తెల్లబడింది.
కూతురు రిస్నా పడవలోంచి వంగి చూసి
"నాన్నా, పూసింది!" అంది.
అది పూయడం కాదని అతను చెప్పలేదు.
నెల తిరక్కుండా బూడిదరంగు బూజు.

తన ఉలి విరిచిన ముక్క
ఏ దేశంలో ఉందో, అసలు ఉందో, అతనికి తెలియదు.
తల్లి లేదని ఆమెకు తెలియదు.
ఆ నంబరు పట్టుకుని తిరిగి
రెండూ తెలుసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణి.
నేనేమో రెండు చిరునామాలూ జేబులో పెట్టుకుని
కవిత రాస్తున్నాను.

మొన్న బోగ్నా ఒక కొమ్మ కత్తిరించి
జామ్ సీసాలో పెట్టి ఇగ్నాట్సీకి ఇచ్చింది.
కోటు లోపల, చొక్కాకు ఆనించి పట్టుకోమంది.
"పరిగెత్తకు" అని మెట్ల మీదికి కేకేసింది.
వాడు పరిగెత్తాడు.